వేడి మాత్రలు, వ్రతం మాత్రలు

మా పాపకి ఏడాది నిండిన వారంలో డాక్టరమ్మ నన్ను పరీక్ష చేసి, చేతులు కడుక్కుంటూ ఒక మాట చెప్పింది. "నీది మామూలు సిజేరియన్ కాదమ్మా. గర్భసంచిని అడ్డంగా కోయాల్సింది, నీకు నిలువుగా కోయాల్సి వచ్చింది. లోపలి కుట్టు బాగా గట్టిపడాలి. ఇంకో రెండేళ్లు కడుపు రాకూడదు. తొందరపడితే కుట్టు విడిపోయే ప్రమాదం ఉంది. అది నీ ప్రాణం మీదికే వస్తుంది."

ఈ మాట ఆ గదిలో ముగ్గురం విన్నాం. మా ఆయన, బండి టైర్లో గాలి తక్కువుందని మెకానిక్ చెప్పినప్పుడు ఊపినట్టే తల ఊపారు. మా అత్తగారు పాపని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుని, "అంతా ఆ తల్లి దయండీ" అన్నారు. తల్లి దయ గురించి నాకేం అనుమానం లేదు. కానీ ఇది ఆవిడ ఒక్కత్తే చూసుకునే వ్యవహారం కాదు, మేమిద్దరం కూడా కొంచెం చూసుకోవాలి.

డాక్టరమ్మ సొరుగులోంచి ఒక అట్ట తీసి నా ముందు పెట్టింది. దాని మీద అన్ని పద్ధతులూ బొమ్మలుగా ఉన్నాయి. చీరల కొట్లో మడత విప్పి పరిచినట్టు ఆవిడ ఒక్కోదాని గుణం చెప్పుకుంటూ పోయింది. రోజూ ఒకే వేళకి వేసుకునే మాత్రలు, మరిచిపోతే పని చెయ్యవు. కండోమ్, ప్రతిసారీ సరిగ్గా వాడితేనే ఫలితం, పైగా జబ్బులు కూడా రావు. మూడు నెలలకోసారి ఇంజెక్షన్, నెలసరి కొంచెం అటూఇటూ అవుతుంది. కాపర్-టీ, ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి బెంగ లేదు, మొదటి కొన్ని నెలలు రక్తస్రావం ఎక్కువ కావచ్చు, వద్దనుకుంటే తీయించుకోవచ్చు. ఇన్ని ఉన్నాయని నాకు ముప్పై ఏళ్లు వచ్చేదాకా తెలియదంటే నా డిగ్రీకి దండం పెట్టాలి. "ఇంటికెళ్లి ఆలోచించుకుని చెప్పండి" అంది చివరికి. ఇంటికెళ్లి ఆలోచించుకోవడం అనే మాట కనిపెట్టినవాళ్ళెవరో గానీ, వాళ్లకి అత్తగారు ఉండి ఉండరు.

మా ఇల్లు విజయవాడ భవానీపురంలో. అత్తగారు, మావగారు, మేమిద్దరం, పాప. నేను ఆటోనగర్లో స్పేర్ పార్టుల కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, మా ఆయన బ్యాంకులో పని చేస్తారు. లోన్ కోసం వచ్చిన రైతుని పంట దగ్గర్నుంచి పక్కపొలం గొడవల దాకా మొహమాటం లేకుండా ఆరా తీసే మనిషి. అందుకే కండోమ్ బాధ్యత ఆయనకే అప్పజెప్పాను. కొనుక్కురావడమే కదా అనుకున్నాను.

మా వీధి చివర మెడికల్ షాపు ఉంది. షాపాయన మావగారితో కలిసి రోజూ పొద్దున్నే కృష్ణ ఒడ్డున వాకింగ్ చేస్తారు. మా ఆయన మొదటిసారి వెళ్లి జ్వరం మాత్రలతో తిరిగొచ్చారు. రెండోసారి దగ్గు మందు. మూడోసారి గ్లూకోజ్ పొడి, దూది, పాపకి సబ్బు. ఇంట్లో ఒక చిన్న ఆసుపత్రి పెట్టుకోవడానికి సరిపడా సరుకు చేరింది గానీ అసలు సరుకు రాలేదు. "అక్కడ ఎవరో ఆడవాళ్లున్నారు" అన్నారొకసారి. "షాపాయన నాన్న ఎలా ఉన్నారని అడిగాడు. ఆ మాట తర్వాత ఇంకేం అడుగుతాం?" అన్నారింకోసారి.

చివరికి ఒక ఆదివారం హెల్మెట్ పెట్టుకుని బ్యారేజీ దాటి అవతలి ఒడ్డుకి వెళ్లారు. అక్కడ తనని ఎవరూ ఎరగరని. షాపులో కూడా హెల్మెట్ తియ్యలేదట. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాడిని అందరూ గుర్తుపడతారు, షాపులో హెల్మెట్ పెట్టుకున్నవాడిని గుర్తుపట్టరా? "మేనేజర్ గారూ, మీరేంటి ఇటు?" అని వెనకనుంచి ఒక పెద్దమనిషి పలకరించాడట. ఆయన వీళ్ల బ్యాంకు ఖాతాదారే. నల్ల కవర్, దానిపైన పేపర్ చుట్టిన పొట్లం లుంగీల కింద దాచి, ఇంక ఆ ప్రయాణం తన వల్ల కాదని తేల్చేశారు. ఆన్‌లైన్లో తెప్పిద్దామన్నాను. మా ఇంటికి వచ్చే ప్రతి పార్సిలూ ముందు అత్తగారి కత్తెర చూడాల్సిందేనని గుర్తు చేశారు. అది నిజమే.

ఆ పొట్లం అయిపోయాక మా ఆయన ఫోన్లో ఒక యాప్ పెట్టుకున్నారు. ఏ రోజులు మంచివో, ఏ రోజులు కావో అది రంగులేసి చూపిస్తుందట. "పంచాంగం లాంటిదే" అన్నారు సంబరంగా. పాప పుట్టాక నా నెలసరి ఒక నెల ముందూ ఒక నెల వెనకా వస్తోంది. రైలు టైముకి రానప్పుడు టైంటేబుల్ చూసి ఏం లాభం? అదే అడిగితే యాప్ పెయిడ్ వెర్షన్ తీసుకుందామా అన్నారు.

సరే, కాపర్-టీ అన్నాను. అంతే, ఇంట్లో కోర్టు పెట్టారు. అత్తగారు ఫోన్ స్పీకర్లో పెడితే ఊళ్లో ఉన్న పిన్నత్తలందరూ సాక్ష్యం చెప్పారు. ఒకావిడకి అది కడుపులోంచి పైకి పాకిందట. ఇంకొకావిడకి గుండె దగ్గర తేలిందట. ఆ ఒకావిడ ఎవరు అంటే ఎవరికీ తెలియదు. ఎవరి తోటికోడలి చెల్లెలో, ఎవరి ఎదురింటావిడో. పిల్లికి ఎలుక సాక్ష్యం. డాక్టరమ్మ అట్ట మీద చూపించిందనీ, గర్భసంచికీ గుండెకీ దారి లేదనీ నేను చెప్తే, "డాక్టర్లకేం తెలుసే, వాళ్లు పుస్తకంలో చదివినవాళ్లు" అన్నారు. ఇంజెక్షన్ అంటే ఒళ్లు ఊరిపోతుందన్నారు. మా ఆయన ఈ విచారణ జరుగుతున్నంతసేపూ పాపని ఎత్తుకుని బాల్కనీలో కాకుల్ని చూపించారు. ఆ రోజు మా వీధి కాకులన్నీ పాపకి పరిచయమైపోయాయి.

దాంతో ఎవరికీ చెప్పకుండా మాత్రలు మొదలుపెట్టాను. ఆఫీసుకి బయల్దేరే ముందు, జడ వేసుకునేటప్పుడు ఒకటి. స్ట్రిప్ పాప గౌన్ల వెనక పెట్టేదాన్ని. అక్కడ మావారు వెతకరు, వెతికినా దొరకదు, ఎదురుగా ఉన్న తువ్వాలే ఆయనకి కనపడదు. అత్తగారికి మాత్రం వెతక్కుండానే దొరికింది.

ఆ రోజు ఆవిడ చెప్పిన ఉపన్యాసం మందుల కంపెనీవాళ్లు వింటే వ్యాపారం మూసుకునేవాళ్లు. ఈ మాత్రలు ఒళ్లంతా వేడి చేస్తాయి. జుట్టు ఊడిపోతుంది. మొహం మీద మంగు వస్తుంది. గర్భసంచి ఎండు కొబ్బరిచిప్పలా అయిపోతుంది. "ఆడది ఒంట్లో జరిగేదాన్ని మాత్రలేసి ఆపకూడదే అమ్మాయ్. అది ప్రకృతి" అన్నారు. నేను మానలేదు. మానలేదని తెలిసి ఆవిడ రోజూ సబ్జా గింజల నీళ్లు, బార్లీ నీళ్లు, పల్చటి మజ్జిగ నాతో తాగించడం మొదలుపెట్టారు. నిజం చెప్పొద్దూ, ఆ మూడు నెలలూ నేను హాయిగా ఉన్నాను. నెలసరి టైముకి వచ్చింది. రాత్రి మా ఆయన నా వైపు తిరిగితే లోపల కుట్టు గుర్తొచ్చి ఒళ్లు బిగుసుకోవడం పోయింది.

అప్పుడొచ్చింది శ్రావణమాసం.

మా అత్తగారి పుట్టిల్లు కూచిపూడి దాటాక కాలువ పక్కన చిన్న ఊరు. శ్రావణ శుక్రవారం వ్రతానికి ఇంటి ఆడపడుచులూ కోడళ్లూ అందరూ అక్కడ కూర్చోవాలి. కూర్చోవాలంటే ముందుగా తేలాల్సిన విషయం ఒకటుంది. పది రోజుల ముందు అత్తగారు క్యాలెండర్ గోడ మీంచి దించి, డైనింగ్ టేబుల్ మీద పరుచుకుని, ఫోన్ స్పీకర్లో పెట్టి, మా వంశంలో ఉన్న ఆడవాళ్లందరినీ ఒకే ప్రశ్న అడగడం మొదలుపెట్టారు. "నీ డేటెప్పుడే?"

ఇది మీరు సరిగ్గా ఊహించుకోవాలి. కండోమ్ అనే మాట మూడు గోడల అవతల వినపడితే కిటికీలు మూసే ఇల్లు అది. అదే ఇంట్లో, పొద్దున్నే కాఫీల వేళ, ఎవరు ఎప్పుడు బయట చేరతారో సినిమా హాల్లో సీట్ల లెక్క మాట్లాడినట్టు మాట్లాడుతున్నారు. పేపరు వెనకనుంచి మావగారు కూడా, "మన కోడలికీ అప్పుడేగా? పోయిన నెల వినాయకుడి గుడికి రానందిగా" అని తన వంతు సాయం చేశారు. మా ఆయన ఆ మాటకి తలెత్తనైనా ఎత్తలేదు. ఇడ్లీ తింటున్నారు.

లెక్క ప్రకారం నా డేటు వ్రతం నాడే పడుతుంది. "దానికేముంది" అని అత్తగారు హ్యాండ్‌బ్యాగ్ తెరిచారు. పసుపు పొట్లం, కుంకుమ భరిణె, వాటి పక్కన ఒక మాత్రల స్ట్రిప్. నెలసరి వాయిదా వేసే మాత్రలు. వీధి చివరి షాపులోనే కొన్నారట. డాక్టరు చీటీ అడగలేదా అంటే, "చీటీ ఎందుకే? వ్రతానికి అని చెప్పాను. ఆయనే ఇంకో రెండు ఎక్కువిచ్చాడు" అన్నారు. ఆడది ఒంట్లో జరిగేదాన్ని మాత్రలేసి ఆపకూడదని ఆవిడే చెప్పి మూడు నెలలే అయింది. కోడలికి బుద్ధి చెప్పి అత్త తెడ్డి నాకిందని ఊరికే అన్నారా? కానీ ఆవిడ మనసులో రెంటికీ పోలికే లేదు. అవి మొగుడి కోసం వేసుకునే మాత్రలు, అందుకని వేడి చేస్తాయి. ఇవి అమ్మవారి కోసం వేసుకునేవి, చలవ చేస్తాయి.

"నేను ఆల్రెడీ మాత్రలు వేసుకుంటున్నానత్తయ్యా" అన్నాను.

"అందుకే చెప్తున్నా. అవి ఆపెయ్. రెండూ ఒక్కసారే పడితే ఒళ్లు పేలిపోదూ? ఈ పది రోజులూ ఇవి వేసుకో. వ్రతం అయ్యాక నీ ఇష్టం."

రెండు రకాలు కలపకూడదన్నది నాకూ నిజమేననిపించింది. డాక్టరమ్మకి ఫోన్ చేస్తానంటే, "వ్రతం సంగతి డాక్టర్లకేం తెలుస్తుందే?" అన్నారు. మా ఆయన్ని అడిగితే, "అమ్మ ఎప్పట్నుంచో అందరికీ ఇస్తోందిగా, ఎవరికీ ఏం కాలేదుగా" అన్నారు. ఎద్దు పుండు కాకికి ముద్దు. స్ట్రిప్ సగంలో ఆపేసి అమ్మవారి మాత్రలు మింగాను.

వ్రతం బాగా జరిగింది. ఎవరూ బయట చేరలేదు. మాలో సగం మంది మాత్రల మీదే కూర్చున్నాం, ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా "అమ్మవారి దయవల్ల అందరూ కలిశారు" అని పెద్ద పిన్నత్త కళ్లొత్తుకుంది. పూర్ణాలు, పులిహోర, కాలువ గాలి, చక్కగా గడిచింది. విజయవాడ తిరిగొచ్చి మాత్రలు ఆపేశాను. రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుంది, వచ్చాక నా పాత మాత్రలు కొత్త స్ట్రిప్ మొదలుపెట్టొచ్చు అనుకున్నాను.

రాలేదు. వారం దాటింది, రాలేదు. ఆ మధ్యలో మేమిద్దరం మొగుడూపెళ్లాల్లాగానే ఉన్నాం, ఏ అడ్డూ లేకుండా. ఆ సంగతి ఒక పూట ఆఫీసులో గుర్తొచ్చింది. జీఎస్టీ లెక్క వేస్తున్నదాన్ని, కంప్యూటర్ ముందు కూర్చుని పొట్ట మీద చెయ్యి వేసుకుని ఉండిపోయాను. చావంటే భయం నాకు అంతకుముందు తెలియదు. ఆ వారం తెలిసింది. పాప నన్ను చూసి నవ్వితే చాలు, ఇది నేను లేకుండా ఎలా పెరుగుతుందా అని ఏడుపొచ్చేది.

అత్తగారికి మాత్రం మొహం వెలిగిపోయింది. "వ్రతఫలమేమోనే. ఈసారి మగపిల్లాడే" అని దోసెల పెనం మీద నూనె వేస్తూ అన్నారు.

నాకు ఆ క్షణాన మర్యాద గుర్తురాలేదు. "అత్తయ్యా, ఇప్పుడు కడుపొస్తే నా కుట్టు విడిపోతుంది. మీరు కూడా అక్కడే ఉండి విన్నారు. నేను చచ్చిపోతాను. అప్పుడు ఏ ఫలం ఎత్తుకుంటారు మీరు?" అని గట్టిగా అరిచేశాను.

పెనం మీద దోసె మాడిపోతున్నా ఆవిడ తిప్పలేదు. హాల్లోంచి మా ఆయన లేచొచ్చి ఇద్దరినీ చూసి, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా బయటికి పరుగెత్తారు. బ్యారేజీ దాటి కాదు, వీధి చివరి షాపుకే. షాపు నిండా జనం ఉంటే వాళ్ల మీంచి చెయ్యి చాచి, "ప్రెగ్నెన్సీ టెస్ట్ కిట్ ఇవ్వండి, తొందరగా" అని అరిచారట. ఈ సంగతి తర్వాత మావగారికి వాకింగ్‌లో తెలిసింది. మా ఆయన మీద నాకున్న కోపంలో సగం ఆ రోజే పోయింది. మిగతా సగం ఇప్పటికీ జాగ్రత్తగానే ఉంది.

మర్నాడు పొద్దున పరీక్ష చేసుకుంటే ఒక్క గీతే వచ్చింది. లేదన్నమాట. బాత్రూంలో గోడకి ఆనుకుని చాలాసేపు కూర్చున్నాను. బయటికొచ్చి తల అడ్డంగా ఊపితే మా ఆయన మంచం మీద కూలబడ్డారు. అత్తగారు దేవుడి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకున్నారు. ఎంతసేపటికీ గంట చప్పుడు వినిపించలేదు. ఆ వారం చివర నెలసరి వచ్చింది. వెంటనే గవర్నర్‌పేటలో డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరాను. "నేనూ వస్తా" అని అత్తగారు చీర మార్చుకున్నారు.

డాక్టరమ్మ జరిగిందంతా విని ముందు నవ్వింది, తర్వాత కోప్పడింది. "అవీ ఇవీ ఒకే జాతి మందులమ్మా. అందులో ఉన్న హార్మోనులాంటిదే ఇందులోనూ ఉంది. నువ్వు వేసుకుంటున్న మాత్రలే మధ్యలో గ్యాప్ ఇవ్వకుండా ఇంకో స్ట్రిప్ వేసుకుని ఉంటే, వ్రతానికి నెలసరీ వచ్చేది కాదు, కడుపు వస్తుందన్న భయమూ ఉండేది కాదు. ఉన్న రక్షణ తీసేసి, గర్భం ఆపడానికి నమ్మకం లేనిది తెచ్చి వేసుకున్నావు. నన్నొక్క మాట అడిగితే ఏం పోయేది?"

నేను అత్తగారి వైపు చూశాను. వేడి మాత్రలూ చలవ మాత్రలూ ఒకటేనని విన్నప్పుడు ఆవిడ మొహం ఎలా మారుతుందో చూడాలని, నిజం చెప్పాలంటే, ఆ ఉదయం నుంచీ నాలో ఒక కుళ్లుబుద్ధి కాచుకుని కూర్చుంది. తీరా చూస్తే ఆవిడ తల దించుకుని చీర కొంగు వేలికి చుట్టుకుంటున్నారు. చూడబుద్ధి కాలేదు.

"సరే, ఇప్పుడేం చేద్దాం?" అంది డాక్టరమ్మ.

"కాపర్-టీ" అన్నాను. మరిచిపోవడానికి ఏమీ లేనిది, ఎవరి హ్యాండ్‌బ్యాగ్‌తోనూ మార్చలేనిది నాకు కావాలి. ఆ మాట లోపలే అనుకున్నాను.

డాక్టరమ్మ తల ఊపి, అంతలోనే అత్తగారి వైపు తిరిగింది. అంత చదువుకున్న మనిషి, అన్ని బొమ్మలు చూపించి అన్ని విషయాలు చెప్పిన మనిషి, తడుముకోకుండా అడిగింది. "మరి మీ అబ్బాయి ఏమంటారండీ? ఇంట్లో పెద్దవాళ్లు మీకు ఇష్టమేనా? తర్వాత మళ్లీ గొడవలు రాకూడదు."

అత్తగారు తలెత్తారు.

"నాకు రెండో కాన్పప్పుడు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చెయ్యడానికి మా ఆయన్ని అడిగారండీ. మా మావగారిని అడిగారు. వాళ్లు ఊఁ అన్నారు, చేసేశారు. మెలకువొచ్చాక ఆయా చెప్తే నాకు తెలిసింది. నాకు ఆడపిల్ల కావాలని ఉండేదండీ. ఎంతో ఉండేది. ఎవరూ అడగలా." కొంగు వేలి మీంచి విప్పి ఒళ్లో సరిచేసుకున్నారు. "నన్నెందుకు అడుగుతారు? దాని ఒళ్లది. దాన్నడగండి."

డాక్టరమ్మ మొహం కొంచెం ఎర్రబడింది. నేను ఆ ఇంట్లో ఆరేళ్లుగా ఉంటున్నాను. ఆవిడ ఏ కూరలో ఎంత కారం వేస్తారో నాకు తెలుసు, ఏ మాటకి అలుగుతారో తెలుసు. ఈ ఒక్కటి నాకు తెలియదు. మా ఆయనకీ తెలియదు. ఆడపిల్ల కావాలనుకున్న ఆ మనిషి ముప్పై ఏళ్లు ఆ కోరిక ఎక్కడ పెట్టుకుని తిరిగారో నాకు అర్థం కాలేదు. ఆవిడ మీద పెంచుకున్న కోపమంతా నా చేతుల్లోనే ఉంది గానీ దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

డాక్టరమ్మ కుర్చీ నా వైపు తిప్పుకుంది. "చెప్పమ్మా. నీకు ఇష్టమేనా?"

ఇంత చిన్న ప్రశ్నకి నాకు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని, "ఇష్టమేనండీ" అన్నాను. అత్తగారు నా హ్యాండ్‌బ్యాగ్ తన ఒళ్లో పెట్టుకుని, లేచి లోపలికి వెళ్లమన్నట్టు నా వీపు మీద చెయ్యి వేశారు.